బార్సిలోనా నడిబొడ్డున అద్దె ఫ్లాట్: నా అనుభవం

దసరా సెలవులకి బార్సిలోనా అని ఖాయం చేసుకున్నాక మా ఇంట్లో మొదటి వాదన టికెట్ల గురించి కాదు, అక్కడ ఎక్కడ దిగాలన్న దాని గురించే. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, పాప, మొత్తం ఐదుగురం. హోటల్ అంటే కనీసం రెండు గదులు తీసుకోవాలి, అవి పక్కపక్కనే ఇస్తారన్న గ్యారంటీ లేదు. నాన్నకి షుగర్, పొద్దున్నే టైముకి ఏదో ఒకటి కడుపులో పడాలి, రాత్రి పెరుగన్నం లేకపోతే ఆయనకి భోంచేసినట్టే ఉండదు. కాబట్టి వంటిల్లున్న ఫ్లాటే అని తేల్చుకున్నాం. ఊరి బయట చవగ్గా దొరుకుతాయి కానీ పెద్దవాళ్ళని రోజూ రైళ్ళెక్కించి దించడం నా వల్ల కాదు, మధ్యాహ్నం ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చి సాయంత్రం మళ్ళీ బయల్దేరేలా ఉండాలి. అందుకని ఊరి మధ్యలోని ఎషాంప్లా ప్రాంతంలో, అందులోనూ సంత్ అంతోని మార్కెట్ చుట్టుపక్కల వెతకడం మొదలుపెట్టాను.

బార్సిలోనాలో ఇలాంటి ఫ్లాట్ తీసుకునేవాళ్ళు ముందుగా చూడాల్సింది లైసెన్సు నంబరు. 31 రోజులకి మించకుండా టూరిస్టులకి ఇల్లు అద్దెకివ్వాలంటే అది ఉండి తీరాలి. హెచ్‌యూటీబీ అని మొదలై తర్వాత అంకెలుంటాయి, ప్రకటనలో కనపడేలా వెయ్యాలి. 2025 జులై 1 నుంచి స్పెయిన్ మొత్తానికి కలిపి ఇంకో రిజిస్ట్రేషన్ నంబరు కూడా తెచ్చారు, ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాలంటే అదీ కావాలన్నారు. అంతకు ముందు మే నెలలోనే అక్కడి వినియోగదారుల మంత్రిత్వ శాఖ నిబంధనలకి విరుద్ధంగా ఉన్నాయని, ఇళ్ళు అద్దెకి పెట్టే సైటు ఎయిర్‌బీఎన్‌బీలోని 65,935 ప్రకటనల్ని తీసెయ్యమంది. చాలావాటికి లైసెన్సు నంబరే లేదట. అన్ని వేలమంది ధైర్యంగా ఇళ్ళు పెట్టేశారంటే అద్దెకి తీసుకునేవాళ్ళలో ఎవరూ ఆ నంబరు వైపు చూడట్లేదనే కదా.

నాకు మొదట నచ్చిన ఫ్లాట్ ఫోటోల్లో భలే ఉంది. పెద్ద బాల్కనీ, పూలకుండీలు, రేటేమో మిగతావాటిలో సగానికి కొంచెం పైన. ప్రకటనలో లైసెన్సు నంబరు లేదు, అడిగితే ఓనరు ఒకటి పంపాడు. టూరిస్టు ఫ్లాట్‌కి లైసెన్సుందో లేదో సరిచూసుకోవడానికి అక్కడి నగరపాలక సంస్థ సైట్లో సదుపాయం ఉంది, అందులో చూస్తే ఆ నంబరు వేరే వీధిలో వేరే బిల్డింగుది. అదేంటండీ అని రాశాను. దానికి జవాబు లేదు కానీ, ‘సైట్ బయట నేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే పది శాతం తగ్గిస్తాను, ఈ రోజే చెయ్యాలి, ఇంకో ఫ్యామిలీ కూడా అడుగుతోంది’ అని తొందరపెట్టాడు. ఈ ఇంకో ఫ్యామిలీ మన దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్ళ దగ్గర కూడా ఎప్పుడూ ఉంటుంది, ప్రపంచమంతా తిరుగుతుంటారు కాబోలు వాళ్ళు. ఆ చాట్ అక్కడితో మూసేశాను.

ఆ తర్వాత ఫోటోలు చూడటం తగ్గించి ప్రశ్నలు అడగడం పెంచాను. సోఫా ఏ రంగో ఫోటో చెప్తుంది, నాన్న మోకాళ్ళు ఎన్ని మెట్లెక్కాలో చెప్పదు. లైసెన్సు నంబరు సరిపోయిన వాటిలో మూడింటికి ఒకే మెసేజి పంపాను: వీధి తలుపు నుంచి మీ గుమ్మం దాకా మెట్లెన్ని, లిఫ్టు ఎక్కడి నుంచి మొదలవుతుంది, పడగ్గదుల కిటికీలు ఎటు తెరుచుకుంటాయి, వేడినీళ్ళ ట్యాంకు ఎన్ని లీటర్లు, పొయ్యి ఇండక్షనా వేరేదా. ఒకరు ‘ఫ్లాట్ చాలా సౌకర్యంగా ఉంటుంది’ అని మాత్రం రాశారు. ఒకరు అసలు పలకలేదు. మూడో ఆవిడ మాత్రం ఒక్కోదానికీ వరసగా జవాబిచ్చింది, మెట్లు లెక్కపెట్టి మరీ. వెంటనే ఆవిడ ఫ్లాటే బుక్ చేశాం. నిజానికి అది మేం చూసినవాటిలో అందమైనది కాదు.

ఆ అంతస్తుల లెక్క గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళతో వెళ్తే ఇదే ముఖ్యం. ప్రకటనలో మూడో అంతస్తు అని ఉంది. మన లెక్కలో గ్రౌండ్ ఫ్లోరు మీద మూడు, అంతే కదా అనుకుంటాం. అక్కడి పాత బిల్డింగుల్లో గ్రౌండ్ ఫ్లోరు మీద ఎంత్రెసోల్ అని ఒకటుంటుంది, దాని మీద ప్రిన్సిపల్ అని ఇంకోటి, ఆ రెండింటికీ అంకె ఉండదు, ఆ పైనుంచే ఒకటి, రెండు, మూడు మొదలు. లిఫ్టులు లేని కాలంలో బిల్డింగు యజమాని తక్కువ మెట్లెక్కితే సరిపోయేలా ప్రిన్సిపల్‌లో ఉండి, పైవన్నీ అద్దెకిచ్చేవాడట. అంటే మా మూడో అంతస్తు లెక్కకి ఐదోది. అన్ని బిల్డింగుల్లోనూ ఈ రెండూ ఉంటాయని కాదు, ఒక్కో చోట ఒకటే ఉంటుంది, అందుకే అంతస్తు నంబరు అడగొద్దు, మెట్లు అడగండి.

వీసా ఫైలు గురించి ఒక్క మాట. స్పెయిన్ వెళ్ళడానికి తీసుకునే షెంగెన్ వీసాకి ఉండే చోటు ఆధారం చూపించాలి. ఫ్లాట్ బుకింగులో సాధారణంగా బుక్ చేసినవాళ్ళ పేరొక్కటే ఉంటుంది, మాది ఐదుగురి ఫైలు. అందుకని అందరి పేర్లు, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో, తేదీలు, పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు వేసి ఒక లెటరు రాసి పంపమని ఓనర్ని అడిగాం. పంపింది. దాని గురించి వీసా సెంటర్లో ఎవరూ ఏమీ అనలేదు. వీసా రాకముందే బుక్ చెయ్యాలి కాబట్టి, కొన్ని యూరోలు ఎక్కువైనా క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కొచ్చే రేటే తీసుకున్నాం.

బయల్దేరే వారం ఓనరు దగ్గర్నుంచి ఇంకో మెసేజి, అందరి పాస్‌పోర్టుల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టమని. మా ఆవిడకి అది నచ్చలేదు. ‘ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఐదుగురి పాస్‌పోర్టులు ఎలా పంపుతామండీ?’ అంది. నిజమే, కానీ వివరాలు అడగడం ఆవిడ ఇష్టం కాదు, చట్టం. 2024 డిసెంబరు 2 నుంచి హోటళ్ళైనా ఫ్లాట్లైనా దిగినవాళ్ళ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటి అడ్రసు, ఫోను లాంటివన్నీ తీసుకుని 24 గంటల్లోగా అధికారులకి పంపాలి. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళు సంతకం కూడా పెట్టాలి. అయితే వివరాలు తీసుకోవాలనే ఉంది కానీ పాస్‌పోర్టు కాపీ తీసి పెట్టుకోమని లేదు, కాపీ అడగడం అనవసరమని స్పెయిన్ డేటా రక్షణ సంస్థే 2025లో చెప్పింది. ఆ సంగతే మర్యాదగా రాసి, ఫారం ఉంటే నింపుతాం, పాస్‌పోర్టులు వచ్చాక చేతికిచ్చి చూపిస్తాం అన్నాను. ఏమీ అనకుండా లింకు పంపింది. చాలామంది అలవాటుగా ఫోటో అడిగేస్తారు, మనం అలవాటుగా పంపేస్తాం.

విమానాశ్రయం నుంచి ఏరోబస్ ఎక్కితే ఉర్జెల్ స్టాపులో దిగొచ్చు, అక్కడి నుంచి సంత్ అంతోని దగ్గరే. మా ఫ్లైటు మధ్యాహ్నానికే దిగింది, ఫ్లాట్ ఇచ్చేది నాలుగింటికి. హోటల్లో అయితే లగేజి రిసెప్షన్‌లో పడేసి తిరగొచ్చు, ఫ్లాట్‌కి రిసెప్షన్ ఉండదు. ముందే అడిగితే, క్లీనింగ్ చేసే అమ్మాయి లోపలుంటుంది, రెండింటికి వచ్చి పెట్టెలు మాత్రం పెట్టుకోండి అంది ఓనరు. ఇది అడగనివాళ్ళు పెట్టెలు ఈడ్చుకుంటూ వీధుల్లో తిరుగుతుంటే తర్వాత రోజూ చూశాం.

ఓనరు నాలుగింటికి తనే వచ్చింది, తాళాలు ఇచ్చి అన్నీ చూపించింది. తాళం చెవుల గుత్తిలో మూడున్నాయి: వీధి తలుపుది, ఫ్లాటుది, బాల్కనీది. ఫ్లాట్ తలుపుకి బయట తిప్పే పిడి లేదు, ఉత్త గుండ్రటి ముద్ద ఉంది, లాక్కుంటే పడిపోతుంది, చెవి లేకుండా తెరవలేం. ఇంకో సంగతి ఆవిడ రెండుసార్లు చెప్పింది, చెవి లోపలివైపు తాళంలోనే వదిలేసి బయటికెళ్ళి తలుపు లాగేస్తే, చేతిలో ఇంకో చెవి ఉన్నా బయటి నుంచి పడదని. రాత్రిపూట తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే ఎంత వసూలు చేస్తారో కూడా చెప్పింది, వినగానే నాన్న ఆ చెవి తీసి జేబులో వేసుకున్నారు, తిరుగు ప్రయాణం దాకా అది ఆయన జేబులోనే ఉంది.

టూరిస్టు పన్ను అప్పుడే కట్టాం. ఇది అద్దెలో కలిసి ఉండకపోవచ్చు, చూసుకోండి. మేం వెళ్ళినప్పుడు ఇలాంటి ఫ్లాట్లకి తలకి రాత్రికి 6.25 యూరోలు, అందులో 2.25 బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంత ప్రభుత్వానిది, 4 నగరపాలక సంస్థది. పదహారేళ్ళు దాటని పిల్లలకి లేదు, వరసగా ఎన్నాళ్ళున్నా ఏడు రాత్రులకి మించి వెయ్యరు. నలుగురు పెద్దవాళ్ళకి రోజుకి 25 యూరోలు, చిన్న మొత్తం కాదు. ఈ రేట్లు పెంచుతూనే ఉన్నారు కాబట్టి వెళ్ళే ముందు కొత్తవి చూసుకోవాలి.

లిఫ్టు ఉంది. ఉంది అంటే చెక్క తలుపులు, అద్దం, ముగ్గురికి అని రాసిన ఇత్తడి పలక. నేనూ ఒక పెద్ద పెట్టే పడితే నిండిపోయింది. వీధి తలుపు దాటాక ఆరేడు మెట్లెక్కితే గానీ దాని దగ్గరికి వెళ్ళలేం. దిగాక తలుపు రెక్కలు రెండూ, బయటి ఇనప తలుపూ మనమే దగ్గరగా వెయ్యాలి, కొంచెం తెరిచున్నా లిఫ్టు కదలదు, కింద ఎవరో బటన్ నొక్కుతూ నిలబడి ఉంటారు. పాపకి ఆ డ్యూటీ అప్పగించాం, చాలా శ్రద్ధగా చేసింది.

ఇల్లు బాగుంది. పొడుగ్గా రైలుపెట్టెలా ఉంది, వీధివైపు హాలు, ఇంకో చివర లోపలి పెరడు వైపు ఒక గది, మధ్యలో వంటిల్లు, బాత్రూము, ఇంకో పడగ్గది. ఎషాంప్లాలో పాత ఫ్లాట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. మధ్యలో ఉన్న గదులకి వెలుతురు కోసం బిల్డింగు నడుమ పైనుంచి కిందదాకా బావిలాగా ఖాళీ వదులుతారు, ఆ గదుల కిటికీలన్నీ అందులోకే. ఓనరు ముందే చెప్పింది కాబట్టి మాకు తెలుసు. చీకటిగా ఉన్నా ఆ గదే అమ్మానాన్నలకి ఇచ్చాం, వీధి చప్పుడు ఉండదు కదా అని. వీధి చప్పుడు నిజంగానే లేదు. కానీ ఎవరింట్లో ఏం మాట్లాడుకున్నా, ఎవరు కుళాయి తిప్పినా ఆ బావిలో గుమ్మటంలా మోగుతుంది. మన చప్పుడూ అంతే.

అది మర్నాడు పొద్దున్నే తెలిసింది. అక్టోబరు మొదట్లో మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా. మన దగ్గర ఐదింటికి లేచే అమ్మకి అక్కడ అర్ధరాత్రి ఒంటిగంటన్నరకే తెల్లారిపోయింది. ఎలాగోలా ఆరింటిదాకా గడిపి ఇక ఉండలేక, మేమెవరం లేవకముందే అన్నీ అమర్చుదామని బియ్యం, పప్పు కడిగి ఇంటి నుంచి తెచ్చిన చిన్న కుక్కరు పెట్టింది. పొయ్యి వెలగలేదు. అది ఇండక్షన్ కాదు, గాజు పలక కింద తీగ ఎర్రగా కాలే రకం, అక్కడివాళ్ళు విత్రో అంటారు. దానికి ఏ గిన్నైనా పనికొస్తుంది, అడుగు చదునుగా ఉంటే చాలు, మా అల్యూమినియం కుక్కరు అందుకే తెచ్చాం. కానీ పిల్లలు ముట్టుకోకుండా దానికో లాక్ ఉంటుంది, తాళం చెవి బొమ్మ మీద కొన్ని సెకన్లు వేలు నొక్కి పట్టుకోవాలి. అమ్మ వచ్చి నన్ను లేపింది, ‘ఏరా, ఈ పొయ్యి నన్ను ఆట పట్టిస్తోంది’ అని. లాక్ తీసిచ్చి మళ్ళీ పడుకున్నాను.

కాసేపటికి కుక్కరు కూసింది. ఆ బావిలో ఆ కూత ఎలా మోగిందంటే నేను మంచం మీద నుంచి లేచి కూర్చున్నాను. రెండో కూతకి పైన ఎక్కడో కిటికీ తెరుచుకున్న చప్పుడు, ఎవరో ఏదో అడిగారు, ఇంకెవరో జవాబు చెప్పారు. అమ్మ గాభరాగా పొయ్యి ఆపేసింది. ఈ విత్రో ఆపగానే చల్లారదు, పలక మీద ఎర్రగా ఇంగ్లీషు హెచ్ అక్షరం వెలుగుతూనే ఉంటుంది, ఇంకా వేడిగా ఉంది ముట్టుకోకు అని. కాబట్టి ఆపేశాక కూడా ఇంకో కూత వేసింది. నేను వెళ్ళి కుక్కరు ఎత్తి సింకు పక్కన పెట్టేదాకా మా ఇద్దరికీ టెన్షనే. ఆ రోజు నుంచి అన్నం గిన్నెలో గంజి వార్చి వండింది, పప్పు సాయంత్రాలే. పొయ్యి వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది కానీ ఆపేశాక మిగిలే వేడి మీద పప్పు మెత్తగా ఉడికిపోతోందని రెండ్రోజుల్లో కనిపెట్టింది, హెచ్ ఆరిపోయేదాకా గిన్నె దించేది కాదు.

కరెంటు సంగతి నాన్న కోసమే జరిగినట్టు జరిగింది. ఆయన కరెంటు ఆఫీసులోనే చేసి రిటైరయ్యారు. ఒక రాత్రి వాషింగ్ మెషీన్ తిరుగుతోంది, పొయ్యి మీద పాలు, లోపల వేడినీళ్ళ ట్యాంకు ఎలాగూ ఆన్‌లోనే ఉంటుంది, మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ పెట్టింది. టప్పున అంతా చీకటి. నాన్న ఫోన్ లైటు వేసుకుని గుమ్మం దగ్గరున్న బోర్డు తెరిచారు. ఒక్క స్విచ్చి కూడా కింద పడిలేదు. ‘ఏదీ ట్రిప్ అవ్వలేదురా, మరి కరెంటెందుకు పోయింది? బయట దీపాలు వెలుగుతూనే ఉన్నాయి’ అని ఆయనకి భలే పట్టుదల వచ్చేసింది. ఓనరుకి మెసేజి పెడితే వెంటనే జవాబు: మెయిన్ స్విచ్చి కిందికి దించండి, కొన్ని సెకన్లు ఆగండి, పైకెత్తండి. అలా చేస్తే వచ్చేసింది.

అసలు విషయమేంటంటే, అక్కడ ఒక్కో ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలో ముందే ఒప్పందం చేసుకుంటారు, 3.45, 4.6 ఇలా, ఎంత ఎక్కువ పెట్టుకుంటే నెలనెలా అంత ఎక్కువ కట్టాలి. వాడకం ఆ గీత దాటితే కింద ఉన్న స్మార్ట్ మీటరే కట్ చేసేస్తుంది, ఇంట్లో బోర్డులో ఏదీ పడదు. ‘ఇది మన కాంట్రాక్టెడ్ లోడే కదరా, మన దగ్గర దాటితే బిల్లులో మొట్టికాయ వేస్తారు, ఇక్కడ దీపమే ఆర్పేస్తున్నారు’ అని నాన్న ఎంత మురిసిపోయారంటే, సగ్రద ఫమీలియా చర్చి చూసినప్పుడు కూడా అంత మురవలేదు. ఆ ఇంటిది 3.45 అని ఓనర్ని అడిగి తెలుసుకుని, వాషింగ్ మెషీన్ ఉన్నప్పుడు పొయ్యి వద్దు, పొయ్యి ఉన్నప్పుడు డ్రయ్యర్ వద్దు అని మా అందరికీ ఒక లోడ్ షెడ్యూలు వేశారు. మళ్ళీ పోలేదు.

నీళ్ళ ట్యాంకు 80 లీటర్లు. ఇద్దరు స్నానం చేస్తే గోరువెచ్చన, మూడోవాళ్ళకి చన్నీళ్ళే. ముందే తెలుసు కాబట్టి కొందరం రాత్రి, కొందరం పొద్దున్న.

కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. కుక్కరు కూసిన రోజే లిఫ్టు దగ్గర కలిసింది. నవ్వలేదు. ఫోను తీసి స్పానిష్‌లో ఏదో మాట్లాడి మా ముందు పెట్టింది, ఇంగ్లీషులో వచ్చింది: రాత్రి మూడింటి నుంచి నా నెత్తిమీద ఎవరో కుర్చీలు లాగుతున్నారు. ఎవరో కాదు, అమ్మే. నిద్ర పట్టక హాల్లో కుర్చీ జరుపుకుని కూర్చోవడం, లేవడం. నేల అంతా మన పాత ఇళ్ళలో ఉండే లాంటి రంగురంగుల సిమెంటు పలకలు, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో కింది ఇంటికి అంత చప్పుడు చేరుస్తాయి. అమ్మ ఆవిడకి చేతులు జోడించి తెలుగులోనే ‘నిద్ర పట్టట్లేదమ్మా, ఏమనుకోకు’ అంది. ఏం అర్థమైందో గానీ ఆవిడ మొహం కొంచెం మెత్తబడింది. మళ్ళీ ఫోనులో మాట్లాడింది, ఈసారి చాలాసేపు. ఆ బిల్డింగులో ఒకప్పుడు అందరూ తెలిసినవాళ్ళేనట, ఇప్పుడు మూడు ఫ్లాట్లు టూరిస్టులకే, వారం వారం కొత్త మొహాలు, తెల్లవారుజామున మెట్ల మీద పెట్టెల చక్రాల చప్పుడు, ఆవిడ కూతురు అద్దె కట్టలేక ఊరి బయటికి వెళ్ళిపోయిందట.

దానికి నా దగ్గర జవాబు లేదు. బార్సిలోనావాళ్ళు టూరిస్టుల మీద నీళ్ళ తుపాకులతో నీళ్ళు చల్లారని 2024లో మనమందరం ఇంటర్నెట్‌లో వీడియో చూసి నవ్వుకున్నాం కానీ వాళ్ళ కోపం ఊరికే వచ్చింది కాదు. పదేళ్ళలో అద్దెలు 68 శాతం పెరిగాయని మేయర్ జౌమ కొల్‌బోని అదే ఏడాది జూన్‌లో చెప్పి, నగరంలో ఉన్న 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సుల్ని రెన్యువల్ చెయ్యబోమని, 2028 నవంబరు కల్లా అన్నీ మామూలు ఇళ్ళుగా మారాలని ప్రకటించాడు. అంటే ఈ పద్ధతిలో మేమున్నట్టు ఉండటం ఇంకెన్నాళ్ళో సాగదు. ఓనరుకి అది అన్యాయంగా అనిపిస్తోంది, ఆ ఫ్లాటే తన ఆదాయమట. నేను ఆ ఫ్లాటులో సుఖంగా ఉండి వచ్చినవాణ్ణే, అయినా ఎవరైనా అడిగితే కిందావిడ పక్షమే అంటాను. మా ఆవిడ మాత్రం, ఐదుగురితో హోటల్ బిల్లు కట్టేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడండి అంటోంది.

మేం చెయ్యగలిగింది మేం చేశాం. కుర్చీల కాళ్ళకి నాన్న సాక్సులు తొడిగారు. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా అక్కడ నిశ్శబ్దంగా ఉండాల్సిన వేళలు, ఆ టైములో షవర్ కూడా తిప్పలేదు. చెత్త కూడా ఇంట్లో కాగితం మీద రాసి పెట్టినట్టే వీధి డబ్బాల్లో వేశాం: ప్లాస్టిక్ పసుపు దాంట్లో, కాగితం నీలం, గాజు ఆకుపచ్చ, తిండి వ్యర్థాలు గోధుమ రంగు, మిగతాది బూడిద రంగు.

ఇక ఆ చోటు. రోజూ నడిచి వెళ్ళిరావడానికి అంతకంటే మంచి చోటు దొరకదు, కానీ మొదట్లో దారి తప్పడం గ్యారంటీ. 1859లో ఇల్దెఫొన్స్ సెర్దా అనే ఇంజనీరు గీసిన ప్లాను ప్రకారం కట్టిన ప్రాంతం అది, ప్రతి బ్లాకు దాదాపు 113 మీటర్ల చదరం, వీధులు చాలావరకు 20 మీటర్ల వెడల్పు, ప్రతి బ్లాకుకీ నాలుగు మూలలూ ఏటవాలుగా కోసేసి ఉంటాయి. దాంతో ప్రతి కూడలీ ఒకేలా ఉంటుంది. రోడ్డు దాటాలన్నా నేరుగా ఉండదు, మూల చుట్టూ కొంచెం లోపలికెళ్ళి దాటాలి, నాన్న దానికి రోజూ విసుక్కునేవారు. ఓనరు చెప్పిన కిటుకు పనికొచ్చింది: అక్కడివాళ్ళు కుడి ఎడమ అనరు, సముద్రం వైపు, కొండ వైపు అంటారు. నేల కొంచెం కొంచెంగా సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి కాళ్ళకే తెలిసిపోతుంది. మా వీధి మార్కెట్‌కి కొండ వైపు, అంటే ఎత్తు ఎక్కుతుంటే ఇంటికి వెళ్తున్నట్టు.

సంత్ అంతోని మార్కెట్ 1882 నాటి ఇనప కట్టడం, చాలా ఏళ్ళు రిపేర్లు చేసి 2018లో మళ్ళీ తెరిచారు. కూరగాయలు, పళ్ళు, చేపలు అన్నీ ఉంటాయి. ఆదివారం అది మూసేసి, బయట పాత పుస్తకాలు, నాణేలు, పిల్లలు మార్చుకునే బొమ్మల కార్డులు అమ్ముతారు, పాప అక్కణ్ణించి కదల్లేదు. ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు కూడా మూసే ఉంటాయి, పాలూ పెరుగూ శనివారమే తెచ్చుకోవాలి. మన సరుకులకి పక్కనే రవాల్ అనే పేట ఉంది, పాకిస్తానీ, బంగ్లాదేశీ కొట్లు చాలా. పప్పులు, పచ్చిమిర్చి, కొత్తిమీర దొరికాయి. అక్కడి కొట్టు ఆయన నాన్నతో హిందీలో క్రికెట్ మాట్లాడి ఒక కట్ట పుదీనా ఊరికే ఇచ్చాడు.

తిరిగొచ్చే రోజు ఫ్లైటు పొద్దున్నే. ముందురోజు రాత్రే గిన్నెలు కడిగి, ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్రతి గదీ, పొయ్యి గాజు పలకా, బాత్రూమూ ఫోనులో వీడియో తీసి పెట్టుకున్నాను, కార్డు మీద డిపాజిట్ పట్టి ఉంచారు కదా. తెల్లవారుజామున పెట్టెలు చక్రాల మీద దొర్లించకుండా నేనూ నాన్నా చెరోవైపు పట్టుకుని లిఫ్టు దాకా మోశాం, ఒక్కో పెట్టెకి ఒక్కో ట్రిప్పు, ఆఖర్న పాప తలుపులు వేసింది. తాళాలు ఓనరు చెప్పినట్టు కింద పోస్టు డబ్బాలో వేశాం, నాన్న జేబులోది గుర్తుచేసి మరీ తీయించాం.

డిపాజిట్ కొన్ని రోజులకి పూర్తిగా వదిలేశారు. రివ్యూలో ఉన్నదున్నట్టు రాశాను: ఓనరు మంచిది, ఇల్లు శుభ్రం, మూడో అంతస్తంటే నిజానికి ఐదోది, లిఫ్టు ముగ్గురికే, మధ్య గది చీకటి, ట్యాంకు 80 లీటర్లు, కరెంటు 3.45. కోపం వస్తుందేమో అనుకున్నా గానీ ఆవిడ థాంక్స్ చెప్పి అవన్నీ ప్రకటనలో చేర్చేసింది. కరెంటు 4.6కి పెంచుకోమని నాన్న నా చేత రాయించిన సలహాకి మాత్రం, ‘మూడేళ్ళకి ఎందుకులెండి’ అని జవాబు పెట్టింది.